పెళ్లికూతురి సున్నిపిండి

ఒంటి సంరక్షణ విషయంలో మా అమ్మకు ఒకటే సిద్ధాంతం ఉండేది. నోట్లో పెట్టుకోలేనిదాన్ని ముఖానికి పెట్టుకోకూడదు. ఈ లెక్కన బజారులో దొరికే క్రీములన్నీ ఆమె దృష్టిలో చెప్పుల పాలిష్‌తో సమానం. ఇంట్లో ఎవరి ముఖం మీదైనా మొటిమ కనిపిస్తే ముందు పెరుగు, తర్వాత పసుపు, అప్పటికీ తగ్గకపోతే తిట్లు. మీగడ తినమని బతిమాలేది. తినకపోతే పట్టుకుని మోచేతులకు రుద్దేది. పిండేసిన నిమ్మచెక్కలు మా మడమలకు, బత్తాయి తొక్కలు ఎండకు, మిగిలిపోయిన మజ్జిగ జుట్టుకు. మా ఇంట్లో వంటింటికీ స్నానాల గదికీ మధ్య సరిహద్దంటూ ఉండేది కాదు. ఒకసారి నా ముఖానికని పాలతో కలిపి పెట్టిన పెసరపిండి ముద్దను నాన్న ఆఫీసు నుంచి వచ్చిన ఆకలిలో తినేశాడు. ఉప్పు తక్కువైందన్నాడు. అమ్మ మాత్రం అందులో పిల్లకు పనికొచ్చి మొగుడికి పనికిరానిది ఏముందన్నట్టు చూసింది.

ఈ సిద్ధాంతానికంతటికీ తలమానికం సున్నిపిండి. స్టీలు డబ్బాలో, బియ్యం డబ్బా పక్కన, బియ్యమంత మర్యాదతో ఉండేది. పండక్కీ పుట్టినరోజుకీ ఎవరికైనా ఏదైనా ఇవ్వాల్సి వస్తే అమ్మ పాత చీరల అంచులతో చిన్న సంచులు కుట్టి, సున్నిపిండి నింపి, పట్టుదారంతో మూతి బిగించి ఇచ్చేది. కొని ఇవ్వడానికి ఎవరైనా ఇస్తారు, చేసి ఇవ్వాలంటే ఓపిక ఉండాలి అనేది. నా స్నేహితురాళ్ల పుట్టినరోజులకు నేను తీసుకెళ్లిన కానుక ప్రతిసారీ అదే. వాళ్లు నా ముందు మాత్రం నవ్వేవాళ్లు కాదు.

మేం అప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్లం. మెయిన్ రోడ్డు మీది కోచింగ్ సెంటర్ల బోర్డులూ, ఆ వెనక హాస్టళ్ల బాల్కనీల్లో ఆరేసిన తువ్వాళ్లూ దాటుకుని లోపలికి వస్తే సందు చివర మా ఇల్లు. పై వాటా మాది, కింద వాటా ఇంటివాళ్లది. మాది గుంటూరు వైపు. ఇంటివాళ్లది ఇబ్రహీంపట్నం దారిలో ఒక పల్లె. ఇంటాయన బస్సు డ్రైవరు. ఇంటామె మా అమ్మను వదినె అనేది, అమ్మ ఆమెను వదినగారూ అనేది. వాళ్ల అమ్మాయి అమ్మను అత్తమ్మా అనేది. గిన్నెలు రోజూ మెట్లెక్కుతూ దిగుతూ ఉండేవి. కింది నుంచి సర్వపిండి వస్తే అదే గిన్నెలో పైనుంచి గోంగూర పచ్చడి వెళ్లేది. ఖాళీ గిన్నె పంపడం ఇద్దరికీ చేతకాదు. దాంతో ఏ గిన్నె ఎవరిదో కొన్నేళ్లకు ఎవరికీ తెలియకుండా పోయింది.

తర్వాత ఉద్యమం ఊపందుకుంది. గేటు మీద ఎవరో జై తెలంగాణ అని రాశారు. అక్షరాలు చక్కగా ఉన్నాయి, అమ్మ వాటి చుట్టూ జాగ్రత్తగా తుడిచేది. బంద్ రోజుల్లో బస్సులు ఉండేవి కావు. హయత్‌నగర్ దాటాక ఒక ఎరువుల గోదాములో పనిచేసే మా నాన్న ఎల్‌బీ నగర్ చౌరస్తా మీదుగా నడిచి వచ్చేవాడు. చౌరస్తాలో నిరసనగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు చేసే రోజుల్లో ఆయనకు అక్కడే భోజనం కూడా దొరికేది. నోరు విప్పితే యాస బయటపడుతుందని మాట్లాడకుండా తిని వచ్చేవాడు. పప్పు బాగుందని ఇంటికొచ్చి చెప్పేవాడు. అమ్మకు అది నచ్చేది కాదు, ఉద్యమం వల్ల కాదు, పప్పు వల్ల.

ఇంటివాళ్ల అమ్మాయి ఉద్యమంలో ఉండేది. పీజీ చదువుతూ ప్రతి ధర్నాకూ వెళ్లేది, ఎప్పుడూ మొదటి వరుసలోనే కూర్చునేది. మొదటి వరుసలో నీడ ఉండదు. ఆ ఏడు కార్తీకంలో ఆమెకు పెళ్లి కుదిరేనాటికి ముఖం, మెడ, మోచేతుల దాకా చేతులు ఒక రంగు, మిగతా మనిషి ఒక రంగు.

ముహూర్తం పెట్టుకున్న వారంలోనే ఒక మధ్యాహ్నం ఇంటామె పిల్లను వెంటబెట్టుకుని పైకి వచ్చింది.

"వదినె, నాకో పని జేసి పెట్టాలె. గీ పిల్ల మొఖం జూడు. ఎండల కూసోని కూసోని ఎట్ల కమిలిపాయెనో. ఆళ్లు ఫొటో జూసి ఒప్పుకున్నరు. రేపు పీటల మీద జూస్తె ఏమంటరో ఏమో. నీ సున్నిపిండి జర చేసియ్యి."

"నేనేమన్న ఫొటో లెక్కనే ఉంటనని రాసిచ్చిన్నా?" అంది అమ్మాయి.

అమ్మ ఆ పిల్ల గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, వంకాయలు ఏరేటప్పుడు చూసినట్టు చూసింది. "ఏం పర్లేదండీ. నెల తిరక్కుండా తేరుకుంటుంది. అప్పటిదాకా ఇంట్లో ఉన్నది పెడదాం. నలుగు నాటికి మాత్రం కొత్తది, ఘనంగా చేస్తా. పెళ్లికి మా తరఫున కానుక అదే. మీ చుట్టాలాళ్లకు కూడా సంచులు కుట్టి ఇస్తా" అంది.

ఇంతవరకూ సజావుగానే సాగింది. చిక్కంతా దేనితో చెయ్యాలన్న దగ్గర వచ్చింది.

"పెసలేంది వదినె? నలుగంటెనే శెనగపప్పు. మా అమ్మ, మా అవ్వ అందరు శెనగపప్పే పెట్టిండ్రు."

"శనగపప్పు బజ్జీలకండీ. ఒంటికి పెసలే. చలవ చేస్తాయి."

"మరి మేమంత బజ్జీల లెక్క ఉన్నమా?"

రాష్ట్రం గురించి వాళ్లిద్దరూ ఒక్కసారి కూడా వాదించుకోగా నేను చూడలేదు. ఈ విషయంలో మాత్రం రెండు రోజులు మాటల్లేవు. గిన్నెలు కూడా ఆగిపోయాయి. మూడో రోజు ఇంటామె మెట్ల మీంచి "నీ ఇష్టమొచ్చినట్ల జేసుకో తియ్యి" అంది. అమ్మ దాన్ని విజయంగా లెక్కేసుకుని పెసలు కొనుక్కొచ్చింది.

ఆ తర్వాత మా ఇల్లు ఇల్లుగా లేదు. పెసలు కడిగి ఆరబెట్టడం, కచ్చూరాలు దంచడం, బావంచాలు వేయించడం, కస్తూరి పసుపు కొమ్ములు పగలగొట్టడం, వట్టివేళ్లు కత్తిరించడం, గులాబీ రేకులు నీడన ఎండబెట్టడం. బత్తాయి తొక్కలు కావాలి. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర జ్యూసు బండ్ల వెనక తొక్కలు గుట్టలుగా పడి ఉంటాయి కదా తెస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. మనం ఒలిచినవే కావాలంది. కాబట్టి ఆ నెలంతా మేం బత్తాయిలు తిన్నాం. నాన్న ఆఫీసుకు కూడా బత్తాయిలే పట్టుకెళ్లి తొక్కలు జేబులో పెట్టుకుని తిరిగొచ్చేవాడు.

డాబా మీద సగం మాది, సగం ఇంటివాళ్లది. మా సగంలో తొక్కలూ రేకులూ. వాళ్ల సగంలో పెళ్లి వంటలకని ఊరి నుంచి వచ్చిన మిరపకాయలు. మిరపకాయల ఘాటు రేకులకు పడుతుందని అమ్మ మధ్యలో ఒక పాత చీర అడ్డంగా కట్టింది. దాన్ని ఎవరూ రాజకీయంగా తీసుకోలేదు.

అలా తీసుకోగల మనిషి పెళ్లికి వారం ముందు వచ్చింది. ఇంటామె ఆడబిడ్డ, అంటే ఇంటాయన అక్క. ఆమె కోపానికి కారణం లేకపోలేదు. ఊరేగింపులో లాఠీ దెబ్బ తిని ఆమె కొడుకు చెయ్యి విరిగింది, ఇంకా కట్టు విప్పలేదు. ఆమె డాబా మీదికి వచ్చి అడ్డంగా ఉన్న చీరనూ, అమ్మనూ చూసి, అమ్మ వినేలాగే తమ్ముడి భార్యను అడిగింది.

"కిరాయికి మనోళ్లు ఎవ్వలు దొరకలేదా మీకు?"

"ఎన్నో ఏండ్ల సంది ఉంటున్నరు వదినె" అంది ఇంటామె మిరపకాయలు తిరగేస్తూ.

"ఉంటె? పెండ్లయినంక బంధువులొచ్చిపోతరు, జాగ గావాలె. ఖాళీ జెయ్యమను."

ఇంటామె ఇంకో వరుస మిరపకాయలు తిరగేసింది. అమ్మ ఆ మాట విని కిందికి దిగి వచ్చి పెసలు మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. ఏరిన పెసలే. అమ్మకు కొత్త ఇల్లు వెతుక్కోవడం పెద్ద పనేమీ కాదు. గేటు దగ్గర నిలబడితే వదినె అని పిలిచే మనిషిని ఇంకో సందులో ఎక్కడ వెతుక్కుంటుంది? ఆ పిండి బాగా కుదిరి, ఆ పిల్ల పీటల మీద బాగా కనిపిస్తే ఇక ఎవరూ ఏమీ అనరని అమ్మ నమ్మింది. పైకి చెప్పలేదు గానీ ఒక్క రాయి, ఒక్క పుచ్చు గింజ లేకుండా ఆ పెసలు ఏరిన తీరు చూస్తే నాకు అర్థమైంది. నాకు ఆ ఆడబిడ్డ మీద చాలా కోపం వచ్చింది. ఆమె కొడుకు కట్టు చూస్తే ఆ కోపం కూడా సరిగ్గా నిలబడేది కాదు.

ఇక పిండి పట్టించాలి. మేం పిండిమర అనేదాన్ని ఇక్కడ గిర్నీ అంటారు. గిర్నీకి ఒక పద్ధతి ఉంటుంది. మర లోపల ముందువాళ్ల పిండి కొంత ఉండిపోతుంది, అది వెనకవాళ్ల డబ్బాలోకి వస్తుంది. అందుకని ఎవరి ముందు ఎవరు పట్టిస్తున్నారో చూసుకోవాలి. బియ్యం తర్వాత బియ్యం, గోధుమల తర్వాత గోధుమలు. కారానికి వేరే మర. ఆడవాళ్లు వరుసలో డబ్బాలు పెట్టి, ముందు డబ్బా మూత తీసి చూసి, అవసరమైతే వంతులు మార్చుకునేవాళ్లు. పార్లమెంటులో కూడా అంత సర్దుబాటు ఉండదు.

నలుగుకు ముందురోజు బంద్. బొగ్గు గనుల్లో సమ్మె మొదలైనప్పటి నుంచి కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. పొద్దున్నే షాపులు మూయించే జెండాల బండ్లు తిరగకముందే గిర్నీ ఆయన షట్టర్ సగం ఎత్తి పని మొదలుపెట్టాడు. డబ్బా మోయడానికి నేనూ వెళ్లాను. తీరా చూస్తే కారం మర బెల్టు తెగి ఉంది. ఉన్నది ఒక్కటే మర.

"కారం ఆఖర్ల పడత. ముందు పిండ్లన్ని కానియ్యుండ్రి" అన్నాడాయన.

మా వంతు వచ్చింది. అమ్మ డబ్బా మూత తీస్తుండగా ఇంటామె మిరపకాయల సంచీ ఎత్తుకుని షట్టర్ కింద నుంచి వంగి లోపలికి వచ్చింది. చెమటలు కారుతున్నాయి.

"వదినె, జర నాది ముందుగాల పోనియ్యి. ఆడ వంటోళ్లు కారం లేక చేతులు కట్టుకోని కూసున్నరు. మా ఆడబిడ్డ నన్ను తింటున్నది. కరెంటు పోతె నా పని గంతే."

"గా పిండి కారం తర్వాత ఎట్ల పడతరమ్మా?" అన్నాడు గిర్నీ ఆయన.

మామూలు రోజుల్లో అయితే అమ్మ కాదనేది. ఆ రోజుల్లో ఇంటామె ఏదైనా అడిగితే కాదనే ధైర్యం ఆమెకు లేదు. "పోనివ్వండి. తర్వాత రెండు మూడు సార్లు బియ్యం వేసి తిప్పితే సరిపోతుంది" అంది.

కారం పట్టారు. గిర్నీ నిండా దగ్గులు, తుమ్ములు. ఇంటామె సంచీ ఎత్తుకుని పరుగున వెళ్లిపోయింది. గిర్నీ ఆయన గుప్పెడు బియ్యం వేసి తిప్పాడు. ఎర్రగా వచ్చింది. ఇంకో గుప్పెడు వేశాడు. గులాబీ రంగులో వచ్చింది. మూడోసారి వెయ్యమని అమ్మ అంటూండగానే రోడ్డు మీద బండ్ల హారన్లు వినిపించాయి. ఆయన గబగబా మా డబ్బా అందుకుని బోర్లించేశాడు. పిండి వెచ్చగా, పచ్చగా, కస్తూరి పసుపు రంగులో వచ్చింది. అప్పటికే అందరం దగ్గుతూ ఉన్నాం కాబట్టి వాసన ఎవరికీ తెలియలేదు.

అమ్మ అజాగ్రత్త మనిషి కాదు. ఇంటికి రాగానే పిండి తడిపి తన ముంజేతికి రాసుకుని చూసుకుంది. ఏమీ అనిపించలేదు. కానీ అది ప్రతి ఎండాకాలం జాడీల కొద్దీ ఆవకాయ మోచేయిదాకా ముంచి కలిపిన చెయ్యి. దానికి కారం తగిలినా చుట్టం వచ్చినట్టే ఉంటుంది. ఎందుకైనా మంచిదని నాన్న చేతికి కూడా రాసి చూసింది. ఆయన చల్లగా ఉందన్నాడు. అమ్మ ఏం చేసినా చల్లగా ఉందనడం ఆయనకు అలవాటు. ఆ పరీక్షతో అమ్మ తృప్తిపడి, పట్టు అంచు సంచులన్నీ నింపి ఒక బుట్టలో పేర్చింది.

మర్నాడు పొద్దున నలుగు. కింద వాకిట్లో పందిరి వేసి, ముగ్గు మీద పీట వేసి అమ్మాయిని కూర్చోబెట్టారు. ముత్తైదువలు చుట్టూ చేరారు. ఇంటామె అమ్మ చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చింది.

"ముందుగాల గామెతోని ఎందుకు?" అంది ఆడబిడ్డ.

"పిండి జేసింది ఆమెనే వదినె. ఆమె చెయ్యే ముందు పడాలె" అంది ఇంటామె. అందరి ముందూ, గట్టిగానే అంది. అమ్మ ముఖం ఎలా వెలిగిందో నాకింకా గుర్తుంది. ఏ సున్నిపిండితోనూ అలాంటి మెరుపు రాదు.

అమ్మ పిల్లకు నూనె రాసి, పాలతో కలిపిన పిండిని రెండు చెంపలకూ, నుదుటికీ, మెడకూ పట్టించింది. తర్వాత మిగతా ఆడవాళ్లు చేతులకు రాశారు. పాట అందుకున్నారు. పాట ఒక చరణం కాకముందే అమ్మాయి "అత్తమ్మా, మండుతుంది" అంది. కొత్త పిండి కదా, పసుపు చురుక్కుమంటుందిలే అన్నారెవరో. ఇంకొంచెం సేపటికి ఆమె కళ్ల నుంచి నీళ్లు కారాయి. చెంపలు ఎర్రబడ్డాయి. ఆడబిడ్డ గిన్నెలో వేలు పెట్టి, నాలుక మీద వేసుకుని చూసింది. నోట్లో పెట్టుకోగలిగిందే ముఖానికి పెట్టాలన్న మా అమ్మ సిద్ధాంతానికి అంత కఠినమైన పరీక్ష ఎప్పుడూ జరగలేదు.

"కారం!" అంది ఆమె. "పిండిల కారం గలిపింది!"

పాట ఆగిపోయింది. మాది గుంటూరని అక్కడ అందరికీ తెలుసు. ఇక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

ఆ గోలలో నిబ్బరంగా ఉన్నది పెళ్లికూతురు ఒక్కతే. యూనివర్సిటీ దగ్గర టియర్ గ్యాస్ తిన్న అనుభవం ఉంది కదా. "నీళ్లు పొయ్యొద్దు. కండ్లు నలపొద్దు. అందరు జర దూరం జరుగుండ్రి" అని కళ్లు మూసుకునే తనే ఆదేశాలిచ్చింది.

అమ్మకు క్షణంలో అర్థమైంది. నాకూ అర్థమైంది. ఇద్దరం ఒకేసారి ఇంటామె వైపు చూశాం. ఆమె ముఖం చూస్తే ఆమెకూ అర్థమైందని తెలిసింది. నోరు తెరిచింది. చుట్టూ ఆడబిడ్డ, తోటికోడళ్లు, పెద్దత్తలు. తెరిచిన నోరు మూసేసుకుంది.

అమ్మ మెట్లెక్కి వెళ్లి, చల్లటి పెరుగు గిన్నె, కొబ్బరినూనె పట్టుకుని దిగింది. నూనెలో ముంచిన మెత్తటి గుడ్డతో పిండి తుడిచేసి, మీగడ పెరుగు పట్టించింది. అది వేడెక్కగానే తుడిచి మళ్లీ కొత్తది పట్టించింది. ఆడబిడ్డ అవతల నిలబడి ఆంధ్రా జిల్లాలన్నిటి పేరుతో తిడుతూనే ఉంది. "జేసిందంత జేసి ఇప్పుడు పెరుగు వెడుతున్నది" అంది. సంచుల బుట్టను కాలితో మెట్ల వైపు నెట్టింది. పిల్ల మంట తగ్గిందని చెప్పాక అమ్మ గిన్నె తీసుకుని, బుట్ట ఎత్తుకుని పైకి వచ్చేసింది. గిన్నె ఖాళీది.

"ఎందుకు చెప్పలేదు?" అని నేను అరిచాను. "వాళ్ల కారమే కదా! ఆమె అడిగితేనే కదా వంతు ఇచ్చావు!"

"ఏమని చెప్పమంటావే? పెళ్లి ముందురోజు, ఆడబిడ్డల మధ్యన, కన్నతల్లే పిల్ల ముఖం మీద కారం పోయించిందని చెప్పనా? జన్మంతా దెప్పుతారు."

"మరి మనల్ని అంటున్నారు కదా?"

"మనల్ని ఎటూ అంటారు" అంది అమ్మ. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆవిడ ఒక్క మాట అని ఉండొచ్చు. అదొక్కటే బాధగా ఉంది" అంది.

అమ్మ అలా బాధ అన్న మాట పైకి అనడం నేను ఎక్కువసార్లు వినలేదు. నాకు కిందికి దిగి అందరికీ వినపడేలా చెప్పెయ్యాలనిపించింది. అమ్మ తలుపు గడియ పెట్టి, అటకమీంచి అట్టపెట్టెలు దించమంది. నాన్న విషయమంతా విని, ఎల్‌బీ నగర్ అవతల గాలి బాగుంటుందట అన్నాడు. ఆపైన పెట్టెలు దించాడు.

మధ్యాహ్నం నుంచి కింద ఇసుర్రాయి తిరుగుతున్న చప్పుడు మొదలైంది. ఊరి నుంచి తెచ్చుకున్న ఇసుర్రాయి వాళ్ల పెరట్లో ఉండేది, పెళ్లి పసుపుకు తప్ప తీసేవాళ్లు కాదు. పెళ్లి తంతు ఏదో అయ్యుంటుందనుకున్నాం. ఎంతసేపటికీ ఆగలేదు. అమ్మ గిన్నెలు కాగితాల్లో చుడుతూ, ఇది మనదా వాళ్లదా అని ఒక్కో గిన్నె దగ్గర ఆగిపోతోంది. ఏదీ తేలక సగం గిన్నెలు పెట్టెలోకి వెళ్లకుండా నేల మీదే ఉండిపోయాయి. కింద రాయి తిరుగుతూనే ఉంది. నాకు తల నొప్పొచ్చింది.

ఎండ తగ్గాక చప్పుడు ఆగింది. వాకిట్లో అందరూ చాయ్ తాగుతున్నట్టున్నారు. అప్పుడు కింది నుంచి ఇంటామె గొంతు వినిపించింది. సందంతా వినిపించి ఉంటుంది.

"వదినే! ఓ వదినే! కిందికి రా!"

అమ్మ గడియ తీయలేదు. మళ్లీ పిలిచింది. మూడోసారికి నాన్న గడియ తీశాడు. మేం మెట్ల మీద సగం దాకా దిగి ఆగాం. ఇంటామె పందిరి మధ్యలో నిలబడి ఉంది. చీర నిండా పిండి, చేతిలో చేట.

"అందరు ఇనుండ్రి. గా కారం నాది" అంది. "గిర్నీల గీమె వంతుండె. నేనే పోయి, నాది ముందు పట్టియ్యాలె అని జబర్దస్తి జేసిన. గామె సరే అన్నది. నా మిరపకాయలే నా బిడ్డ మొఖానికి తాకినయ్. గామె తప్పేం లేదు."

చాయ్ గ్లాసులన్నీ ఎక్కడివక్కడ ఆగాయి.

"మరి పొద్దుగాల ఎందుకు చెప్పలే?" అంది ఆడబిడ్డ.

"నోరు రాలే వదినె. నా బిడ్డ మొఖం నేనే కాల్చుకున్ననని మీ అందరి ముంగట ఎట్ల చెప్పాలె? గామె చెప్తదేమో, నన్ను అడుగుతదేమో అని జూసిన. గామె ఒక్క మాటనలే. పెరుగు తెచ్చింది." ఇంటామె చేట ఇంకో చేతికి మార్చుకుంది. "గామె నన్ను తిట్టినా బాగుండు. పొద్దటి సంది అన్నం ముద్ద దిగలే నాకు."

ఆడబిడ్డ క్షమాపణలు చెప్పే అలవాటున్న మనిషి కాదు. లేచి, కట్టుతో ఉన్న కొడుకును పక్కకు జరగమని, ఆ కుర్చీ తెచ్చి అమ్మ ముందు వేసింది. వేసి వెళ్లి వంటవాళ్ల మీద అరవడం మొదలుపెట్టింది.

అమ్మ కుర్చీలో కూర్చోలేదు. నేరుగా పిల్ల దగ్గరికి వెళ్లి గడ్డం పట్టుకుని చూసింది. ఎరుపు చాలావరకు తగ్గింది. చెంపల మీద మాత్రం జ్వరం వచ్చి తగ్గినట్టు కాస్త మిగిలింది.

"నలుగు నడుమల ఆగిపాయె" అంది ఇంటామె చేట ముందుకు చాపుతూ. "సగంల ఇడిస్తె మంచిది గాదు. నువ్వే పూర్తి జెయ్యాలె. గిర్నీ వద్దని ఇంట్లనే ఇసిరిన."

ఆమె అరచేతుల్లో బొబ్బలు లేచి ఉన్నాయి. అమ్మ వాటిని చూసింది. తర్వాత చేటలో పిండి చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య నలిపింది, వాసన చూసింది, అలవాటు ప్రకారం నాలుక మీద కూడా వేసుకుంది. ఆపైన ఇంటామె వైపు చూసింది. ఇంటామె తల పక్కకు తిప్పుకుంది.

అవి పెసలు. ఒట్టి పెసలు. అందులో శనగపప్పు ఒక్క బద్ద కూడా లేదు.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందని నాకు తెలుసు. కొంగు దించి, మామూలుగా, కొంచెం విసుగ్గా కూడా అంది.

"కాస్త శనగపప్పు కూడా వేసి ఉంటే బాగుండేది వదినగారూ."

ఎవరో పాలు తెచ్చారు. అమ్మ పిండి కలిపి, ఈసారి ముందు తన ముఖానికి రాసుకుని, కాసేపు ఆగి చూసుకుంది. పెళ్లికూతురు పీట మీద కూర్చుని "ఏం గాదు తియ్యి అత్తమ్మా, పెట్టు" అంది. పొద్దున అంత మండిన పిల్ల, కళ్లు మూసుకుని, ముఖాన్ని మళ్లీ అమ్మ చేతులకిచ్చింది.